అమాస నాడు చూసిన ఇల్లు

మా వాళ్ళకి ఏ పనికైనా అమావాస్యే దొరుకుతుంది. డాక్టరు దగ్గరికి పోవాలన్నా, ఆధార్ కార్డులో పేరు దిద్దించుకోవాలన్నా, కొత్త రూము వెతుక్కోవాలన్నా అమావాస్య రావాలి. పెళ్ళిచూపులు మాత్రం పెట్టుకోరు లెండి, అంత తెగింపు లేదు.

దీనికి కారణం లక్ష్మీరాజం సేటు. సూరత్ లింబాయత్‌లో మా బావ లస్మయ్య పనిచేసే సాంచాల కార్ఖానా ఆయనది. సాంచా అంటే మా వైపు మరమగ్గం. లక్ష్మీరాజం కూడా జగిత్యాల దగ్గర్నుంచి వచ్చినవాడే. ఒకప్పుడు మా బావ పక్కన నిలబడి నేసేవాడు, ఇప్పుడు ఇరవై నాలుగు సాంచాలకి యజమాని. చుట్టుపక్కల కార్ఖానాల వాళ్ళు వారానికొక రోజు సెలవిస్తే, ఈయన తాతల నాటి పద్ధతి పట్టుకున్నాడు. అమావాస్య నాడు నేత ముట్టకూడదు. అంటే నెలకి ఒక్క రోజు. పద్ధతీ నిలబడుతుంది, మూడు రోజుల బట్టా మిగులుతుంది. ఆ పద్ధతైనా సాయంత్రం ఏడింటి దాకానే. ఏడు కొట్టగానే రాత్రి డ్యూటీ మొదలు.

అందుకే మా అక్కా బావా ఇల్లు కొందామనుకున్నప్పుడు, ఆ ఇంటిని మూడుసార్లు చూసిందీ మూడు అమావాస్యలకే. సముద్రం ఒడ్డున ఇంటిని అలా చూడకూడదని ఎవరికీ తట్టలేదు. తట్టాల్సింది నాకు, ఎందుకంటే చదువుకున్నవాణ్ణని చెప్పుకు తిరిగేది నేనే.

నా పేరు పరమేశ్వర్. రింగ్ రోడ్డులో ఒక బట్టల మార్కెట్టులో పార్సిళ్ళు బుక్ చేసే గుమాస్తాని. గుజరాతీ చదువుతాను, రాస్తాను. ఆ ఒక్క కారణానికి మా వాళ్ళలో నాకు ప్లీడరంత పేరుంది. ఆ పేరంటే నాకు ఇష్టమేనని ఒప్పుకోవాలి. నాకు ఆరేళ్ళప్పుడు అమ్మ పోయింది. అప్పటికి అక్క రాజమ్మకి పెళ్ళయి నాలుగు నెలలు. పద్దెనిమిదేళ్ళ పిల్ల, మొగుడితో పాటు తమ్ముణ్ణి కూడా వెంటబెట్టుకుని సూరత్ రైలెక్కింది. తరవాత వాళ్ళకి పిల్లలు కలగలేదు. నన్నే పెంచారు.

ముప్పై నాలుగేళ్ళలో అక్క పదకొండు రూములు మారింది. ఒక్కటీ తనంతట తాను ఖాళీ చెయ్యలేదు. ఒకచోట ఓనరు కొడుక్కి పెళ్ళి కుదిరింది, ఒకచోట మీద అంతస్తు లేపుతామన్నారు, ఒకచోట ఏ కారణమూ చెప్పలేదు. ఐదో రూము నా వల్ల పోయింది. పదిహేనేళ్ళ పొగరుతో ఓనరు తమ్ముణ్ణి మాటకి మాట అన్నాను. ఆ సాయంత్రానికే మా సామాను రోడ్డు మీద ఉంది. అక్క నన్ను ఒక్క మాట అనలేదు. బియ్యం డబ్బా నెత్తిన పెట్టుకుని ముందు నడిచింది.

ఇంతకీ అక్క కోరుకున్నది చాలా చిన్నది. గడప ఉన్న ఇల్లు. లింబాయత్ రూములకి గడపలుండవు. తలుపు తీస్తే బయట సిమెంటు, లోపల సిమెంటు. శుక్రవారం పూట పసుపు రాయడానికి ఇంత చెక్క ఉండదు. మూడో రూములో ఉండగా తలుపు కింద సిమెంటు మీదే గీతలా పసుపు రాసి బొట్లు పెట్టింది. మరక పడిందని ఓనరు పెళ్ళాం దగ్గరుండి సబ్బుతో కడిగించింది. ఆ తరవాత అక్క పసుపు రాయడం మానేసింది, గడప మాట మాత్రం మానలేదు.

పోయిన దీపావళికి లక్ష్మీరాజం మిఠాయి డబ్బాలతో పాటు కబురూ చెప్పాడు. సాంచాలు తుక్కుకి అమ్మేస్తున్నాడు. కొడుకు ఊరి బయట కొత్త మెషిన్లు పెడుతున్నాడు. వాటి మీద యాభై దాటినవాళ్ళకి పని లేదు, మా బావకి యాభై ఎనిమిది. నాలుగు నెలల్లో పని ఆగుతుంది, తేల్చి ఇవ్వాల్సింది ఇస్తానన్నాడు. దానికి ఊళ్ళో బావ వాటాకి వచ్చిన చెలక అమ్మిన డబ్బు కలిపినా లింబాయత్‌లో ఒక గోడ రాదు. సముద్రం వైపు పల్లెల్లో అయితే ఇల్లే వస్తుందన్నారు. ఆ డబ్బు ఒక్కసారే వచ్చేది. అది తప్పుడు ఇంటి మీద పోసుకుంటే మళ్ళీ పన్నెండో రూము, ఈసారి జీతం కూడా లేకుండా.

కార్తీక అమావాస్య నాడు మొదటిసారి మోటాకాంఠా వెళ్ళాం. పేరుకి అర్థం పెద్ద తీరమని. ఉన్నవి తొంభై ఇళ్ళు. ఓల్పాడ్ దాటాక బస్సు ఉప్పు మడుల మధ్య గంటసేపు కుదిపి కుదిపి, తొమ్మిదింటికి దింపింది. ఇంటావిడ కాశీబెన్ మా కోసం అరుగు మీద కూర్చుని ఉంది. డెబ్భై దాటిన మనిషి, మొగుడు పోయాడు, మోకాళ్ళు అరిగిపోయాయి. అదే ఊళ్ళో పై వీధిలో చెల్లెలి దగ్గరికి మారిపోతానంది.

"సముద్రమేదీ?" అన్నాడు బావ.

కాశీబెన్ పడమటికి చెయ్యి ఊపింది. అటు చూస్తే కంటికి ఆనినంత మేర బురద. అందులో అక్కడక్కడా వాలిపోయి పడుకున్న పడవలు. బావ పంచె ఎగ్గట్టి సముద్రాన్ని వెతకడానికి పోయాడు. గంట తరవాత మోకాళ్ళ దాకా బురదతో తిరిగొచ్చాడు.

"లేదు. అమ్ముకున్నట్టున్నరు," అన్నాడు.

అక్క మాత్రం సముద్రాన్ని అడగలేదు. వాకిట్లోనే ఆగిపోయింది. ఆ ఇంటికి గడప ఉంది. మామూలు గడప కాదు, దాదాపు మోకాలెత్తు. పాత పడవ చెక్కతో చేయించిందట, నల్లగా, రాయిలా ఉంది. అక్క దాని పక్కన చతికిలబడి అరచేత్తో ఈ కొస నుంచి ఆ కొస దాకా తడిమింది.

"గడపంటే గిట్లుండాలె," అంది.

"దాటాలంటే నిచ్చెన గావాలె," అన్నాడు బావ.

నేను ఇల్లు చూశాను. నిజానికి అంతా చూశాను. కరెంటు స్విచ్చులు నా తలకంటే పైన ఉన్నాయి. గోధుమల డబ్బా పై అరలో ఉంది. మంచం కోళ్ళ కింద మూడేసి ఇటుకలు ఉన్నాయి. గోడకి నడుము దాకా కొత్త సున్నం, ఆ పైన పాతది. ప్రతిదానికీ నా దగ్గర జవాబుంది. స్విచ్చులు పిల్లలకి అందకూడదని, డబ్బా ఎలుకల కోసమని, ఇటుకలు ముసలావిడ మోకాళ్ళ కోసమని అక్కకి విడమరిచి చెప్పాను. సున్నం సగమే ఎందుకేశారంటే, పొదుపన్నాను. గుజరాతీల పొదుపు గురించి ఇంకో రెండు ముక్కలు కూడా చెప్పినట్టు గుర్తు.

పన్నెండున్నరకి తిరుగు బస్సు. అది తప్పితే మళ్ళీ ఆరింటికే, ఆరింటి బస్సెక్కితే బావ డ్యూటీ తప్పుతుంది. లేవబోతుంటే కాశీబెన్ భోంచేసి వెళ్ళమంది. మరోసారి తింటామన్నాం.

మార్గశిర అమావాస్యకి మళ్ళీ వెళ్ళాం. ఈసారి నేను కాగితాల పని పట్టాను. గుజరాత్‌లో రైతు కానివాడు పొలం కొనకూడదు. కానీ ఊరి లోపలి నేల, గామ్‌తల్ అంటారు, దాని మీద ఇల్లు ఎవరైనా కొనుక్కోవచ్చు. పంచాయతీలో కూర్చుని పాత దస్తావేజు చదివాను, ఇంటి పన్ను రసీదులు ఇరవై ఏళ్ళవి వరసగా పేర్చాను, బ్యాంకు తాకట్టు లేదని రాయించుకున్నాను. కాగితాల్లో ఒక్క పిసరు లోపం లేదు. మళ్ళీ పన్నెండు అయింది. మళ్ళీ భోంచేసి వెళ్ళమంది. మళ్ళీ మేం బస్సు ఎక్కాం.

పుష్య అమావాస్య నాడు బేరం కుదిరింది. బయానా ఇస్తానని నేను ఫోను తీస్తే ఆమె చెయ్యి అడ్డం పెట్టింది.

"ముందు ఒక పూట మా ఇంట్లో తినండి. సాయంత్రం దాకా కూర్చోండి. అప్పుడు ఇద్దురుగాని. మా మామగారు పెట్టిన మాట ఇది, ఆయన ఈ ఇంట్లోకి ఇలాగే వచ్చారు."

నేను తెలుగులో చెప్పేసరికి అక్క కళ్ళు చెమర్చాయి. ఏ ఓనరూ ఆమెకి మంచినీళ్ళిచ్చి కూర్చోమన్నది లేదు. నాకూ మనసు కరిగింది. బస్సులో ఓల్పాడ్ దాకా ఈ కాలంలో ఇలాంటి మనుషులెక్కడున్నారని మాట్లాడుకుంటూ వచ్చాం.

మాఘ అమావాస్యకి ముందు రోజు లక్ష్మీరాజం కార్ఖానా మూసేశాడు. మర్నాడు పొద్దున బావ అలవాటుగా సెలవు రోజు చొక్కా వేసుకున్నాడు. ఇక అన్నీ సెలవులే అన్న సంగతి ఎవరం ఎత్తలేదు.

"ఇయ్యాల డ్యూటీ లేదు. ముసలామె ఇంట్ల తిని, పొద్దుగూకినంక అద్దాం," అంది అక్క.

కాశీబెన్ జొన్న రొట్టెలు చేసింది. వంకాయ కూర, ఎండు బొంబిల్ చేపల వేపుడు. బావ నాలుగు రొట్టెలు లాగించి, అరుగు మీద మంచం వాల్చుకుని నిద్రపోయాడు. రెండున్నర అయ్యుంటుంది. ఎదుటి ఇంటామె బయట ఆరేసిన పిడకలు గంపలోకి ఎత్తుకుంటోంది. పక్కాయన రెండు మేకల్ని పై వీధికి తోలుకుపోయాడు. ఎవరి మొహంలోనూ తొందర లేదు. అంతలో ఎక్కడో బస్తాలోంచి బియ్యం జారుతున్నట్టు ఒక చప్పుడు మొదలైంది. ఆగకుండా పెరుగుతోంది.

వీధి చివర చూశాను. మొదటిసారి వచ్చినప్పుడు బావ గంటసేపు వెతికినా దొరకని సముద్రం, వీధిలోకి తిరుగుతోంది.

అలలు లేవు. సన్నటి నురగ అంచుతో, బురద రంగు నీళ్ళు, నడిచే మనిషి వేగంతో వచ్చాయి. అరుగు కింద నా కొత్త చెప్పులు ఒకదాని వెనక ఒకటి లేచి, ఎదురింటి వైపు బయల్దేరాయి. నేను బావని పేరు పెట్టి పిలిచాను, కేకేశాను. ముప్పై నాలుగేళ్ళు సాంచాల మోతలో నిలబడ్డ చెవులు అవి. లేవలేదు. భుజం పట్టి కుదిపితే లేచి కూర్చుని, కిందకి చూసి, మళ్ళీ కాళ్ళు పైకి లాక్కున్నాడు.

"ఏందిది?" అన్నాడు.

"సముద్రం, బావా."

"అవునా! ఏడికెల్లి అచ్చింది?"

మంచం ఎత్తుకుని లోపలికి దూకాం. నీళ్ళు మొదటి మెట్టు ఎక్కాయి, రెండో మెట్టు, అరుగు. అరుగు దాటి గడపని తాకాయి. చెక్క మీద మెల్లగా పైకి పాకి, పైఅంచుకి నాలుగు వేళ్ళ కింద ఆగాయి. నేను గుమ్మంలో నిలబడి చూస్తున్నాను. కాశీబెన్ లోపల పీట మీద కూర్చుని బియ్యంలో రాళ్ళు ఏరుతోంది.

అప్పుడు నాకు స్విచ్చులు కనబడ్డాయి. డబ్బా, ఇటుకలు, సగం సున్నం, ఆ గడప ఎత్తు, అన్నీ కనబడ్డాయి. బడిలో ఆటుపోట్ల పాఠానికి నాకు పదికి తొమ్మిది మార్కులు వచ్చాయి. అమావాస్యకీ పున్నమికీ పోటు ఎక్కువని రాసే ఆ మార్కులు తెచ్చుకున్నాను. చెప్పుల్లేని కాళ్ళతో నిలబడి సిగ్గుపడ్డాను, కోపం మాత్రం ముసలావిడ మీద చూపించాను.

"ముందే చెప్పాలి కదమ్మా!"

ఆమె ఆశ్చర్యంగా చూసింది. "మీరు ఏరి కోరి అమాస నాడే వస్తుంటే, నీళ్ళ సంగతి తెలిసిన తెలివైనవాళ్ళే అనుకున్నాను. ఎక్కువ నీళ్ళొచ్చే రోజు చూసుకునే ఇల్లు కొనాలి. కానీ వచ్చి, నీళ్ళు రాకముందే ఎందుకు లేచిపోతున్నారో నాకూ అర్థం కాలేదు. అందుకే గదా భోంచెయ్యమన్నాను."

బావకి ఇదంతా గట్టిగా అరిచి చెప్పాను. విని తల పట్టుకున్నాడు.

"గిది ఇల్లు గాదురా, పడవ. పోదాం పా."

"బస్సు ఆరింటికి," అన్నాను.

అంతసేపూ అక్క గడప దగ్గరే ఉంది. కిందకి చూస్తోంది. ఆమె మొహం చూడ్డానికి నాకు ధైర్యం చాల్లేదు. ముప్పై నాలుగేళ్ళకి ఒక గడప దొరికిందనుకుంటే దాని అవతల సముద్రం నిలబడి ఉంది. ఆమె ఏడుస్తుందనుకున్నాను.

ఏడవలేదు. ఇటు తిరిగి, "తమ్మీ, అడుగు," అంది. "ఇంట్లకు ఎప్పుడన్న అస్తయా?"

అడిగాను. వానాకాలం అమాసలకీ పున్నములకీ, గాలి కూడా తోడైతే వస్తాయంది కాశీబెన్. ఏడాదికి నాలుగు రోజులో ఐదు రోజులో. పిక్కల దాకా.

"ఎంత సేపుంటయి?"

గంట. ఎక్కువైతే గంటన్నర. ఆ సేపు సామాను మీద పెట్టుకుని అటక ఎక్కి కూర్చుంటారు. ఆమె మోకాళ్ళకి ఇప్పుడు ఆ నిచ్చెన పడటం లేదు, అమ్మేది అందుకే.

"గోడలు కూలినయా ఎప్పుడన్న?"

లేదంది. మట్టి మెత్తితే కడుక్కోవడం, సున్నం వేసుకోవడం.

పెళ్ళికొడుకు గురించి వాకబు చేసినట్టు అక్క ఒక్కొక్కటే అడుగుతోంది. నేను తెలుగు నుంచి గుజరాతీకీ, గుజరాతీ నుంచి తెలుగుకీ మోస్తున్నాను. చివరికి విసుగొచ్చి నా ప్రశ్న నేనే అడిగాను. ఇంటికి సముద్రం వైపు అంత ఖాళీ ఎందుకుందని.

కాశీబెన్ చేటలో చెయ్యి ఆపింది. "నేను పెళ్ళయి వచ్చినప్పుడు మాకూ సముద్రానికీ మధ్య ఇంకో రెండు వరసల ఇళ్ళుండేవి. ఇప్పుడు మాదే మొదటి వరస." దాచకుండా చెప్పింది.

ఎన్నేళ్ళయిందని అడిగాను. యాభై రెండేళ్ళంది.

నాకు కావలసింది దొరికింది. అక్కకి ఈ ముక్క నొక్కి నొక్కి చెప్పాను. "విన్నవా అక్కా? రెండు వరుసలు మింగింది. ఇగ దీని వంతే. కాగితాలల్ల ఉన్నది ఇల్లు, రేపు నేల మీద ఉండదు. పైసలు నీళ్ళల్ల పోసినట్టే. పిచ్చిపని చెయ్యకు."

అక్క నా వైపు తిరిగింది. "మా తర్వాత నీకు మిగలదనా?" అంది.

నాకు చెంప మీద కొట్టినట్టయింది. అలా అనుకోలేదని ప్రమాణం చేసి చెప్పగలను. కానీ ఆ మాట విన్నాక, పూర్తిగా అనుకోలేదా అని ఆ రాత్రీ, తరవాత చాలా రోజులూ నన్ను నేను అడుక్కున్నాను. అక్క వెంటనే మెత్తబడింది. దగ్గరికి వచ్చి నా మోచెయ్యి పట్టుకుంది.

"ఊకెనే అన్న తియ్. యాభై రెండేండ్లకు రెండు వరుసలంటే, మా ఇద్దరికి ఇరవై ఏండ్లు సాలదా? ఇన్నేండ్లు ఎవరెవరో అచ్చి తలుపు కొట్టిండ్రు. పండుగ లేదు, జరం లేదు, వాని మనసుల పుట్టిన్నాడు అచ్చి లెవ్వుమన్నడు. అచ్చినోడు మల్ల ఎన్కకు పోలే, మేమే పోయినం. గీ నీళ్ళు క్యాలెండర్ల చెప్పి అస్తయట, గంటకు వాటికవే పోతయట. గింత మర్యాద ఏ ఓనరు జేసిండు చెప్పు?"

అక్క ఏమందని కాశీబెన్ అడుగుతుంటే ఆమెకి గుజరాతీలో చెప్పాను. ఆమె నవ్వలేదు. చేట పక్కన పెట్టి, అక్కని అలా చూస్తూ ఉండిపోయింది.

బావకి ఈ మాటలేవీ వినబడలేదు. మంచం మీద ముడుచుకుని నీళ్ళ వంకే చూస్తున్నాడు. డబ్బు ఆయనది, చెవులు పోగొట్టుకుని సంపాదించింది, ఆయన కాదంటే అంతే సంగతి. అక్క వెళ్ళి ఆయన ఎదురుగా నిలబడింది. సాంచాల వాళ్ళు మోతలో గొంతు వాడరు, పెదాలు కదిపితే ఎదుటివాడు చదువుకుంటాడు. ఇంట్లో గుట్టు మాటలూ అంతే. నేను ఆ ఇంట్లో పెరిగినవాణ్ణి, నాకూ ఆ చదువు వచ్చు. అక్క చప్పుడు లేకుండా పెదాలు కదిపింది.

"నాకు గీ ఇల్లు గావాలె."

అంతే. చీర కావాలని గానీ, గొలుసు కావాలని గానీ, చివరికి ఊరికి పోవాలని గానీ ఆమె ఆయన్ని 'నాకు' అని అడగడం నేను చూడలేదు. బావ కూడా చూసి ఉండడు. ఆమె నోటి వంకే చూస్తూ ఉండిపోయాడు, ఇంకేమైనా అంటుందేమోనని. బయట నీళ్ళు మెట్టు దిగడం మొదలుపెట్టాయి.

"నాకు ఈత రాదే," అన్నాడు బావ.

"నాకొస్తదా?" అంది అక్క, ఈసారి గట్టిగా.

"సరే తియ్," అన్నాడు.

ఆరింటికి బస్సెక్కేసరికి సముద్రం మళ్ళీ కనిపించకుండా పోయింది. నా చెప్పుల్లో ఒకటి కంచెకి తట్టుకుని దొరికింది. రెండోది ఎటు పోయిందో తెలియదు. ఒక చెప్పు చేత్తో పట్టుకుని సూరత్ దాకా వచ్చాను. దారంతా బావ నిద్రపోయాడు, అక్క కిటికీ పక్కన కూర్చుంది. నేను ఇంకా ఒకటి రెండుసార్లు నచ్చజెప్పబోయాను. ఆమె విననట్టు ఊరుకుంది. బావ చెవుల జబ్బు ఈమెకీ అంటుకుందనుకుని నేనూ ఊరుకున్నాను.

ఫాల్గుణ తదియ మంచిదంటే ఆ రోజు బయానా ఇచ్చాం. దస్తావేజు అక్క పేరునే రాయించమన్నాడు బావ. సబ్‌రిజిస్ట్రారు ఆఫీసులో ఆమె వేలిముద్ర మెషిన్ మీద పడలేదు. ముప్పై ఏళ్ళు చీరలకి చెమ్కీలు అంటించే జిగురు పనిలో వేళ్ళ గీతలు అరిగిపోయాయి. నాలుగుసార్లు తుడిచి తుడిచి పెట్టించారు. నాలుగోసారికి పడింది. చైత్రంలో సామాను టెంపోలో ఎక్కించి పంపాను. ఇంటి ఓనరు అడ్వాన్సు తిరిగిస్తూ, మీ అంతట మీరే ఖాళీ చేస్తున్నారేంటని విచారంగా అడిగాడు.

తరవాతి నెలల్లో నేను నాలుగైదుసార్లే వెళ్ళగలిగాను. అక్క పసుపు రాసిందీ లేనిదీ చూడలేదనను. రాసింది. బావ పక్కింటాయన దగ్గర వల బాగుచెయ్యడం నేర్చుకుంటున్నాడు. తెగిన పోగు అతకడం ఆయనకి కొత్త కాదు. అయినా నా మనసు కుదుట పడలేదు. మార్కెట్టులో నా బల్ల మీద క్యాలెండరు పెట్టుకుని అమావాస్యలకీ పున్నములకీ ఎర్ర సిరాతో సున్నాలు చుట్టాను. ఆ రోజుల్లో మధ్యాహ్నం మూడింటికి నాకు పని మీద చెయ్యి ఆడేది కాదు.

ఆషాఢ అమావాస్య నాడు పొద్దుట్నుంచీ ముసురు, పడమటి గాలి. మూడింటికి ఫోను చేస్తే ఎత్తలేదు. మూడుంపావుకి ఎత్తలేదు. మూడున్నరకి బావ నంబరుకి కూడా చేశాను, ఆయనకి ఎలాగూ వినబడదు. ఓల్పాడ్ దాకా టాక్సీకి ఎంతవుతుందని పక్క దుకాణంలో అడిగాను. నాలుగింటికి అక్కే చేసింది.

"నీళ్ళచ్చినయా అక్కా?"

"అచ్చినయి."

"లోపలికా?"

"లోపలికే. పిక్కల దాకున్నయి. మేం అటుక మీదున్నం. ఫోను కిందనే మర్చిపోయిన, ఇప్పుడే దిగి తెచ్చుకున్న."

"నేను అస్తున్న. భయపడకు. టాక్సీ తీస్కొని అస్తున్న, నువ్వు జర..."

"ఎందుకు?"

"ఎందుకేంది? నువ్వు భయపడ్తవని."

అవతల గాలి చప్పుడు, దాని వెనక బావ ఏదో గట్టిగా అడుగుతున్నాడు. అక్క ఆయనకి జవాబు చెప్పి మళ్ళీ ఫోను దగ్గరికి వచ్చింది.

"నా ఇంట్ల నేను భయపడుడేందిరా? పెట్టెయ్, మీ బావకు చాయ్ గావాల్నట," అంది.

పెట్టేసింది. నేను పార్సిళ్ళ మధ్య కూర్చుని, బుకింగ్ పుస్తకం మీద తల ఆన్చి ఏడ్చాను. దాచుకోవాలని కూడా అనిపించలేదు. పక్క బల్ల గుమాస్తా లేచి వచ్చి, నా వీపు మీద చెయ్యి వేసి, ఎవరు పోయారని అడిగాడు.

ఎవరూ పోలేదన్నాను. మా అక్క ఇంట్లోకి నీళ్ళొచ్చాయని చెప్పాను.